టెలిస్కోపు అద్దాన్ని ఎందుకు బిగించకూడదు? ఎలా మోయాలి?

పరీక్ష బల్ల మీద నిక్షేపంగా ఉన్న అద్దం టెలిస్కోపులో పెట్టగానే ఎందుకు చెడిపోతుంది?

ఇంట్లో టెలిస్కోపు చేసుకునేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. వారాల తరబడి గాజు నూరి, పాలిష్ పట్టి, ఫూకో పరీక్షలో వంపు సరిగ్గా వచ్చిందని తేల్చుకుని, అల్యూమినియం పూత వేయించుకుంటారు. తీరా గొట్టంలో బిగించి నక్షత్రం వైపు తిప్పితే, చుక్క ఉండాల్సిన చోట చిన్న గీతో, మూడు కొమ్ముల మచ్చో కనిపిస్తుంది. అనుమానం ముందుగా పాలిష్ మీదికి పోతుంది. పూత తీసేసి మళ్లీ నూరదామని సిద్ధపడేవాళ్లూ ఉంటారు. దయచేసి ఆగండి. అద్దం పరీక్షకు నిలబెట్టినప్పుడు దాన్ని ఎవరూ నొక్కలేదు. అది తన అంచు మీద తాను నిలబడింది. గొట్టంలో మాత్రం స్క్రూలు, క్లిప్పులు, చెక్క దిమ్మెలు దాన్ని నాలుగు వైపుల నుంచీ పట్టేశాయి. గాజు వంకర పోయింది. పట్టు వదిలితే మళ్లీ సరవుతుంది.

అద్దం కూర్చునే ఈ చట్రాన్ని టెలిస్కోపులు చేసేవాళ్లు మిర్రర్ సెల్ అంటారు. సెల్ అద్దాన్ని మోయాలి, పట్టుకోకూడదు. ఇకముందు చెప్పేదంతా ఈ ఒక్క మాట నుంచి పుట్టేదే.

ఇంత మందం గాజు నిజంగా వంగుతుందా?

వంగుతుంది. మన కంటికి తెలియదు, కాంతికి తెలుస్తుంది. మన కన్ను ఎక్కువగా పట్టుకునే ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 550 నానోమీటర్లు. టెలిస్కోపు చూపించే బొమ్మ చెడకుండా ఉండాలంటే, అద్దం నుంచి బయల్దేరిన కాంతిలో తేడా ఆ పొడవులో నాలుగో వంతు దాటకూడదని పాత నియమం. అద్దం మీద పడే కాంతి ఒకసారి వస్తుంది, మరోసారి వెళ్తుంది. కాబట్టి ఉపరితలంలో ఎంత గుంట ఉంటే కాంతిలో దానికి రెట్టింపు తేడా పడుతుంది. అంటే గాజు మీద మనకు అనుమతి ఎనిమిదో వంతే, సుమారు 70 నానోమీటర్లు. మిల్లీమీటరును పద్నాలుగు వేల భాగాలు చేస్తే అందులో ఒకటి. వేలితో నొక్కితే గాజు అంతకంటే ఎక్కువే కదులుతుంది.

బరువుకు అద్దం ఎంత కుంగుతుందో చెప్పే లెక్కలో గుర్తుంచుకోవాల్సినవి రెండు. కుంగుబాటు వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది, మందం వర్గంతో తగ్గుతుంది. 6 అంగుళాల వ్యాసం, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న అద్దం దగ్గర మొదలుపెడదాం. అదే మందంలో 12 అంగుళాల అద్దం చేస్తే కుంగుబాటు 16 రెట్లు. మందం కూడా రెట్టింపు చేసి 50 మిల్లీమీటర్లు పెట్టినా ఇంకా 4 రెట్లు మిగులుతుంది. అంతేకాదు, అంత మందం గాజు బరువెక్కుతుంది, ధర పెరుగుతుంది, రాత్రి చల్లారడానికి గంటలు పడుతుంది. 25కు బదులు గాజు దుకాణంలో దొరికే 19 మిల్లీమీటర్ల బిళ్ల తీసుకుంటే కుంగుబాటు ఇంచుమించు ఒకటిముప్పావు రెట్లు. పెద్ద అద్దం చేసేవాళ్లు గాజు మందం పెంచుకుంటూ పోకుండా సెల్ మీద శ్రద్ధ పెట్టడానికి కారణం ఇదే.

మూడు చోట్లే ఎందుకు? నాలుగు పెడితే ఇంకా గట్టిగా ఉండదా?

ఉండదు. పొయ్యికి మూడు రాళ్లే పెడతాం. ఎగుడుదిగుడు నేల మీద కూడా కుండ కదలకుండా కూర్చుంటుంది. నాలుగో రాయి పెడితే ఏదో ఒకటి ఎప్పుడూ కుండకు అందదు, లేదా అది ఎత్తుగా ఉండి మిగతావాటి బరువు లాక్కుంటుంది. అద్దం కిందా అంతే. మూడు బిందువులు ఎలా ఉన్నా వాటి గుండా ఒక తలం పోతుంది, కాబట్టి అద్దం ఏ బలవంతమూ లేకుండా వాటి మీద కూర్చుంటుంది. నాలుగో బిందువు ఆ తలంలోనే ఉండాలంటే నానోమీటర్ల లెక్కలో చెక్కాలి. అది ఎవరివల్లా కాదు. అద్దం కింద చదునైన ప్లైవుడ్ బిళ్ల మొత్తంగా పరిచి, దాని మీద పడుకోబెట్టడం కూడా ఇందుకే పనికిరాదు. చదునుగా కనిపించే చెక్కలో ఏ మూడు మిట్టలు పైకి ఉంటే అద్దం వాటి మీదే ఆగుతుంది. ఆ మిట్టలు ఎక్కడున్నాయో మనకు తెలియదు. వర్షాకాలంలో అవి చోటు కూడా మారుస్తాయి.

ఆ మూడు బిందువులు కేంద్రం నుంచి ఎంత దూరంలో ఉండాలన్న దాని మీద పుస్తకాలు రెండు మాటలు చెబుతాయి. అద్దం వ్యాసార్థంలో 70 శాతం దగ్గర పెట్టమని పాత మాట. ఆ వృత్తానికి లోపల సగం గాజు, బయట సగం గాజు ఉంటుందని దాని తర్కం. కంప్యూటర్ లెక్కలు వచ్చాక 40 శాతం దగ్గర మేలని తేలింది. తేడా ఎక్కడొచ్చిందంటే, అద్దం మొత్తంగా గిన్నెలా కాస్త లోతెక్కినా, లోతు తగ్గినా నష్టం లేదు. ఫోకస్ కొంచెం జరుగుతుంది, ఐపీస్‌ను ముందుకో వెనక్కో తిప్పి సరిచేసుకుంటాం. ఆ హాని లేని వంపును పక్కనపెట్టి, మిగిలిన అలలను మాత్రమే తగ్గించమంటే లెక్క మారిపోతుంది. జపాన్‌కు చెందిన తోషిమి తాకి అనే ఇంజనీరు ఈ లెక్కలను ఔత్సాహికులకు అందించాడు. వాటి ఆధారంగా డేవిడ్ లూయిస్ ప్లాప్ అనే ఉచిత ప్రోగ్రాం రాశాడు. అద్దం కొలతలు ఇస్తే ఆధారాలు ఎక్కడ పెట్టాలో అది చెబుతుంది.

ఇదంతా విని 6 అంగుళాలవాళ్లు భయపడనక్కర్లేదు. 6 అంగుళాలకు 25 మిల్లీమీటర్ల మందం ఉంటే 40 శాతమైనా, 70 శాతమైనా బొమ్మలో తేడా చూపించలేరు. అదే మందంలో 8 అంగుళాల అద్దానికి కూడా మూడు చాలు, కాకపోతే 40 శాతానికి దగ్గరగా పెట్టండి. ఒక ప్లైవుడ్ ముక్క మీద కుర్చీ కాళ్ల కింద అంటించే ఫెల్ట్ బిళ్లలు మూడు అంటించి, ఆ ముక్కను మరో ప్లైవుడ్ ముక్కకు మూడు బోల్టులు, గట్టి స్ప్రింగులు, రెక్కల నట్లతో కలిపితే సెల్ తయారైనట్టే. బోల్టులు తిప్పి అద్దం వాలును సవరించుకోవచ్చు. స్ప్రింగులు మాత్రం మెత్తనివి వేయకండి. గొట్టం ఆకాశంలో ఒకవైపు నుంచి మరోవైపు తిప్పగానే అమరిక చెదిరిపోతుంది.

అద్దం పెద్దదైతే తొమ్మిది బిందువులు, పద్దెనిమిది బిందువులు అంటారే, మరి మూడే ఉండాలన్న నియమం ఏమైంది?

ఏమీ కాలేదు. ఆ తొమ్మిదీ మూడు మీదే ఆగుతాయి. ఇందులోని తెలివి చూడదగ్గది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఒక త్రిభుజాకారపు రేకు తీసుకుని దాని మూడు మూలల మీద అద్దం ఆనేలా చేయండి. ఆ రేకును కింద నుంచి ఒక్క చోట, దాని గురుత్వ కేంద్రం దగ్గర, గుండ్రటి తల ఉన్న బోల్టు మీద ఊగేలా నిలపండి. ఏ మూల ఎక్కువ బరువు మోస్తే రేకు అటు వాలుతుంది. మూడు మూలలూ సమానంగా మోసేదాకా సర్దుకుంటుంది. ఇలాంటి రేకులు మూడు పెడితే అద్దానికి తొమ్మిది చోట్ల ఆధారం దొరుకుతుంది. కింద నిలబడినవి మాత్రం మూడు బోల్టులే. ఆ మూడు త్రిభుజాల చోట మూడు కడ్డీలు పెట్టి, కడ్డీకి రెండు చివరలా ఒక్కో త్రిభుజం ఊగేలా చేస్తే పద్దెనిమిది. ఎంత పెంచినా అడుగున మూడే. చెక్కుడు పని ఎంత మొరటుగా ఉన్నా బరువు మాత్రం సమానంగా పంపిణీ అవుతుంది.

దూరాలు మీరే లెక్క వేసుకోవచ్చు. బ్లాక్‌బర్న్ ప్రాంతపు ఇంగ్లీషు ఇంజనీరు హిండిల్ ఔత్సాహికుల కోసం రాసిపెట్టిన పద్ధతి ఇది. తొమ్మిది బిందువుల్లో మూడు లోపలి వలయంలో, ఆరు బయటి వలయంలో ఉంటాయి. కాబట్టి లోపలి మూడూ గాజులో మూడో వంతు మోయాలి, బయటి ఆరూ మిగిలిన రెండు వంతులు మోయాలి. ఒక్కో వలయాన్ని దాని గాజును సరిసగం చేసే వృత్తం మీద పెడితే, లోపలివి వ్యాసార్థంలో 0.408 దగ్గర, బయటివి 0.816 దగ్గర వస్తాయి. 300 మిల్లీమీటర్ల అద్దానికి అంటే 61 మిల్లీమీటర్లు, 122 మిల్లీమీటర్లు. ఒక్కో త్రిభుజానికి లోపలి బిందువు ఒకటి, బయటివి రెండు. బయటి రెండూ త్రిభుజం మధ్యగీతకు చెరో 30 డిగ్రీలు పక్కకు ఉంటాయి కాబట్టి ఆ గీత వెంట వాటి దూరం 106 మిల్లీమీటర్లు. 61, 106, 106 కలిపి మూడుతో భాగిస్తే 91. అద్దం కేంద్రం నుంచి 91 మిల్లీమీటర్ల దగ్గర బోల్టు తల ఉండాలి. 25 మిల్లీమీటర్ల మందం పైరెక్స్ అయితే ఈ అద్దం బరువు దాదాపు నాలుగు కిలోలు, ఒక్కో బిందువు మీద అరకిలోలోపే. ప్లాప్‌లో వేసి చూస్తే ఈ దూరాలు కొద్దిగా మారతాయి. 12 అంగుళాల అద్దానికి ఏ లెక్కతో చేసినా బాగానే పనిచేస్తుంది.

ఈ ఊగే త్రిభుజాల పద్ధతి కంప్యూటర్ల కాలంలో పుట్టింది కాదు. 1835లో డబ్లిన్‌కు చెందిన థామస్ గ్రబ్ ఐర్లండులోని ఆర్మా వేధశాలకు 15 అంగుళాల లోహపు అద్దంతో టెలిస్కోపు చేసిచ్చాడు. దాని అద్దం ఇలాంటి సమతూకపు మీటల మీదే ఆనింది. 1845లో బిర్ కోటలో లార్డ్ రాస్ నిలబెట్టిన 72 అంగుళాల టెలిస్కోపులో మూడు టన్నుల లోహపు అద్దాన్ని 27 పలకలు మోశాయి. థామస్ కుమారుడు హోవర్డ్ గ్రబ్ హయాంలో ఆ సంస్థ పేరు మన హైదరాబాదుకు కూడా చేరింది. నిజామియా వేధశాలలోని 15 అంగుళాల టెలిస్కోపు గ్రబ్ సంస్థదే, అయితే అది అద్దంతో కాక కటకంతో పనిచేసేది. ఇవాళ హవాయిలో ఉన్న కెక్ టెలిస్కోపుల్లో ఒక్కో షడ్భుజపు అద్దం 1.8 మీటర్ల వెడల్పు, 75 మిల్లీమీటర్ల మందం. దాని వెనక కూడా ఊగే మీటల మీద 36 ఆధారాలున్నాయి. ముప్పై మీటర్ల టెలిస్కోపు పథకంలో భారతదేశం తన వాటాగా ఒప్పుకున్న పనుల్లో అద్దాల ముక్కల కింద పెట్టే ఇలాంటి ఆధారాలు చేయడం ఒకటి. ఇంటి వసారాలో రేకు కత్తిరించి చేసేదానికీ వాటికీ సూత్రంలో తేడా లేదు.

వెనక ఆధారం సరే, గొట్టం వాలినప్పుడు అద్దం జారిపోదా?

జారుతుంది, అందుకే అంచు కింద కూడా ఆధారం కావాలి. ఎక్కువమంది అశ్రద్ధ చేసేది ఈ భాగాన్నే. గొట్టం నడినెత్తికి చూస్తున్నప్పుడు అద్దం బరువంతా వెనక ఆధారాల మీద ఉంటుంది. 45 డిగ్రీలకు దించితే వెనకా, అంచూ సమానంగా పంచుకుంటాయి, ఒక్కోదాని మీద 71 శాతం చొప్పున. 30 డిగ్రీలకు దిగితే వెనక సగమే, అంచు మీద 87 శాతం. పలచని అద్దాల్లో బొమ్మను చెడగొట్టేది తరచూ ఈ అంచు భారమే.

అడుగున ఒకే మేకు పెడితే బరువంతా అక్కడ గుచ్చుకుంటుంది. రెండు పెట్టి, వాటి మధ్య 90 డిగ్రీలు ఉండేలా, అంటే అట్టడుగు నుంచి చెరో 45 డిగ్రీలు పక్కకు జరపండి. అవి నున్నగా ఉండాలి, వీలైతే చిన్న బాల్ బేరింగులు వాడండి. అద్దం ముందుకూ వెనక్కూ జరగాల్సి వచ్చినప్పుడు అంచు అతుక్కుని ఆగిపోతే, ఆ రాపిడే గాజును మెలిపెడుతుంది.

ఇక్కడ ఇంకో సూక్ష్మం ఉంది. అంచు ఆధారం అద్దం గురుత్వ కేంద్రం ఉన్న తలంలోనే తగలాలి. కొద్దిగా ముందో వెనకో తగిలితే అద్దం బరువు దాన్ని వంచే మెలికగా మారుతుంది. మనం చెప్పుకున్న 300 మిల్లీమీటర్ల అద్దానికి ఫోకస్ దూరం 1500 మిల్లీమీటర్లు అనుకుందాం. నడుమ 3.75 మిల్లీమీటర్ల లోతు గుంట ఉంటుంది. అంచు మందం 25 కాబట్టి మధ్యగీత 12.5 దగ్గర అనిపిస్తుంది. కానీ ముందువైపు గాజు తగ్గింది కనుక గురుత్వ కేంద్రం వెనక నుంచి 11.6 మిల్లీమీటర్ల దగ్గరే ఉంది. పలచని అద్దానికి ఆ ఒక్క మిల్లీమీటరు కూడా లెక్కలోకి వస్తుంది.

అంచును పట్టీతో మోయించే పద్ధతిని డాబ్సోనియన్ టెలిస్కోపులు బాగా వాడుకలోకి తెచ్చాయి. వాటికి ఆ పేరు జాన్ డాబ్సన్ వల్ల వచ్చింది. ఆయన 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత సొసైటీ మఠంలో చేరి, 1967 దాకా సన్యాసిగా ఉన్నారు. ఓడ కిటికీల గాజు బిళ్లలను నూరి పెద్ద అద్దాలు చేసి, ప్లైవుడ్ పెట్టెల్లో పెట్టి, వీధిలో పోయేవాళ్లను పిలిచి చంద్రుణ్ణీ శనినీ చూపించేవారు. అంత పలచని గాజు అంత పెద్ద టెలిస్కోపులో పనిచేయడం అప్పటి పండితులకు నమ్మశక్యం కాలేదు. నాకు ఆయన మీద ఉన్న గౌరవం ముఖ్యంగా ఇందుకే. గాజు కొనలేని మనిషి పెద్ద అద్దం ఆశ వదులుకోనక్కర్లేదని చేసి చూపించారు. ఆ టెలిస్కోపు పైకీ కిందికీ, పక్కలకూ మాత్రమే తిరుగుతుంది కాబట్టి అద్దానికి అట్టడుగు ఎప్పుడూ ఒకటే. సీటు బెల్టు పట్టీని అంచు చుట్టూ వేలాడదీస్తే అది అద్దం కింద సగాన్నంతా మోస్తుంది. వెడల్పు పట్టీ కంటే సన్నటి ఉక్కు తీగ మేలని నా అభిప్రాయం, దాన్ని సరిగ్గా గురుత్వ కేంద్రపు తలంలో ఉంచవచ్చు. భూమి అక్షానికి సమాంతరంగా తిరిగే ఈక్వటోరియల్ స్టాండు మీద మాత్రం పట్టీ పనికిరాదు, అక్కడ గొట్టం దొర్లుతున్న కొద్దీ అడుగు మారిపోతుంది.

క్లిప్పులు, జిగురు వాడొచ్చా?

క్లిప్పు పని అద్దం ముందుకు పడకుండా ఆపడం. అంతకుమించి ఏ పనీ దానికి అప్పగించకండి. అద్దానికీ క్లిప్పుకూ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. అద్దాన్ని వేళ్లతో కదిపితే చిన్నగా టక్కుమనాలి. గట్టిగా ఉందే అనిపిస్తే బొమ్మ చెడినట్టే.

బిగువు సాయంత్రం లేకపోయినా రాత్రికి రావచ్చు. 200 మిల్లీమీటర్ల అద్దం చుట్టూ సరిగ్గా సరిపోయే అల్యూమినియం వలయం చేశారనుకోండి. మన వేసవిలో పగటి వేడికీ తెల్లవారుజాముకీ 15 డిగ్రీల తేడా మామూలే. అంత చల్లబడితే వలయం 0.07 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది, పైరెక్స్ గాజు 0.01 మాత్రమే. ఆ తేడా ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యానికి వంద రెట్లు. ముడుచుకున్న లోహం మధ్య గాజుకు పోయే దారి ఉండదు. అందుకే పక్కల కూడా సందు వదలాలి.

చిన్న అద్దాలకు సిలికాన్ సీలెంటుతో వెనక మూడు చుక్కలు పెట్టి అంటించడం సులువైన దారి. చుక్క మందం ఉండేలా అగ్గిపుల్లలు పెట్టి, సిలికాన్ గట్టిపడ్డాక వాటిని లాగేయాలి. ఆ మందమే సాగి, సెల్‌కూ గాజుకూ మధ్య తేడాను మింగుతుంది. పలచగా పులిమితే గాజు సెల్‌తో ఒకటైపోయి, సెల్ ఎటు వంగితే తనూ అటు వంగుతుంది. పెద్ద పలచని అద్దానికి మాత్రం జిగురు జోలికి పోవద్దనే చెబుతాను.

చల్లారడం గురించి ఒక మాట. వేడిగా ఉన్న అద్దం ముందు గాలి పొర మసకగా కదులుతూ ఉంటుంది, ఎంత మంచి వంపైనా దాని వెనక దాక్కుంటుంది. గాజు మందం పెరిగిన కొద్దీ చల్లారే సమయమూ పెరుగుతుంది. కాబట్టి సెల్ వెనక తెరిచి ఉంచండి, కంప్యూటర్లలో ఉండే 12 వోల్టుల ఫ్యాను ఒకటి నెమ్మదిగా తిరిగేలా పెట్టండి. ఫ్యాను అదురు అద్దానికి అందకుండా రబ్బరు బ్యాండ్లతో వేలాడదీయండి.

తప్పు సెల్‌దా, గాజుదా అని ఎలా తేల్చుకోవాలి?

చల్లారిన టెలిస్కోపును ఒక నక్షత్రం వైపు తిప్పి, అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో ఇంచుమించు అన్ని రెట్ల పెద్దది చేసే ఐపీస్ పెట్టండి. ఫోకస్‌ను కొద్దిగా లోపలికి, తర్వాత అంతే బయటికి జరిపి చూడండి. నక్షత్రం గుండ్రటి బిళ్లలా విచ్చుకుంటే మంచిది. ఒకవైపు నిలువు కోడిగుడ్డులా, మరోవైపు అడ్డంగా మారితే అది ఆస్టిగ్మాటిజం. మూడు మూలలు కనిపిస్తే మూడు క్లిప్పులో, మూడు జిగురు చుక్కలో లాగుతున్నట్టు.

ఇప్పుడు ఒక్కోదాన్నీ తిప్పి చూడాలి. తల పక్కకు వంచితే గుడ్డు కూడా వంగుతోందా? అది మీ కంటి లోపం. ఐపీస్‌ను తిప్పితే తిరుగుతోందా? ఐపీస్‌ది. క్లిప్పులు వదులు చేసి, అద్దాన్ని సెల్‌లోనే 90 డిగ్రీలు తిప్పి పెట్టండి. గుడ్డు కూడా 90 డిగ్రీలు తిరిగితే తప్పు గాజులో ఉంది, మళ్లీ పాలిష్‌కు కూర్చోవాల్సిందే. ఎప్పటిలాగే ఉంటే తప్పు సెల్‌ది, లేదా కాంతిని ఐపీస్ వైపు మళ్లించడానికి గొట్టం నడుమ పెట్టే చిన్న అద్దానిది.

సెల్‌లో ఏ భాగం అన్నది కూడా తెలుసుకోవచ్చు. ముందు నడినెత్తిన ఉన్న నక్షత్రంతో చూడండి, అప్పుడు పరీక్ష వెనక ఆధారాలకు. తర్వాత ధ్రువ నక్షత్రం చూడండి. హైదరాబాదు నుంచి అది 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే బరువులో 95 శాతం అంచు మీదే. పైగా అది చోటు కదలదు కాబట్టి డాబ్సోనియన్‌ను తోస్తూ ఉండే బాధ లేదు. అంత దిగువన గాలి అలలు ఎక్కువే, అయినా ఓపికగా చూస్తే గుడ్డు ఎటు సాగిందో తెలుస్తుంది. నడినెత్తిన బాగుండి ధ్రువుడి దగ్గర చెడితే అంచు ఆధారాన్ని సరిచేయండి.

నడుమనున్న చిన్న అద్దం మాటేమిటి?

దానికి బరువు తక్కువ, కుంగుబాటు లెక్క అక్కర్లేదు. లాగుడు మాత్రం దానికీ పడదు. 45 డిగ్రీలకు కోసిన చెక్క ముక్కకు సిలికాన్ చుక్కలతో, ఇందాక చెప్పిన మందంతోనే అంటించండి. ఆ చెక్కను గొట్టం నడుమ నిలిపే పలకలు సన్నటి ఉక్కు రేకువైతే, బిగుతుగా లాగి కట్టాలి. ఒక్కో పలక ప్రకాశమైన నక్షత్రానికి రెండు వైపులా ఒక్కో గీత వేస్తుంది. నాలుగు పలకల్లో ఎదురెదురుగా ఉన్నవాటి గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి కనిపించేవి నాలుగే. మూడు పలకలు పెడితే ఏదీ దేనికీ ఎదురు ఉండదు కనుక ఆరు కనిపిస్తాయి.